చెరువు పూడిక ఎందుకు రాయి కాలేదు?

హనుమకొండలో సైన్సు ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు హాజరైన సభలో ఒక భూగర్భశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగమిది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాం.

అందరికీ నమస్కారం. ఎండ తగ్గకముందే ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనకాల నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, ఇక్కడ కింద జంపఖానా పరిచి ఉంది. బల్ల మీద ఉన్న రాళ్ళు దగ్గరి నుంచి చూడాల్సినవి.

ఈ రోజు నేను ఒక్క ప్రశ్న పట్టుకుని వచ్చాను. రామప్ప చెరువు కట్టి 800 ఏళ్ళు దాటింది. పాకాల, లక్నవరం కూడా ఆ కాకతీయుల కాలానివే. ఇన్ని వందల ఏళ్ళుగా ప్రతి వానాకాలం గుట్టల మీది మట్టి, ఇసుక ఒర్రెల్లో కొట్టుకొచ్చి ఆ చెరువుల అడుగున పేరుకుంటూనే ఉంది. దాన్నే మనం పూడిక అంటాం. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఆ పూడిక తీసి, ట్రాక్టర్లకెత్తి పొలాల్లో పోసుకున్నాం. ఇక్కడ రైతులున్నారు కదా, మీరు చెప్పండి. ఆ పూడిక తవ్వడానికి మందుపాతర పెట్టాల్సి వచ్చిందా? గడ్డపార కావాల్సి వచ్చిందా? లేదు. పారకే వచ్చింది. వందల ఏళ్ళు నీళ్ళ కింద ఉన్నా మట్టి మట్టిగానే ఉంది.

ఇక్కడి నుంచి భూపాలపల్లి పోండి. పరకాల, రేగొండ మీదుగా పోతే ఎంతసేపు? రెండు గంటలు కూడా పట్టదు. అక్కడ సింగరేణి ఓపెన్‌కాస్టులో ఇసుకరాయిని బ్లాస్టింగు చేస్తే తప్ప కింద ఉన్న బొగ్గు దొరకదు. అన్నా, మీరు సింగరేణిలో చేశారా? చేశారు కదా. ఆ రాయి ఎంత గట్టిదో నాకంటే మీకు బాగా తెలుసు. మరి ఆ రాయి కూడా ఒకప్పుడు పూడికే. నదులు తెచ్చి పోసిన ఇసుకే, బురదే. ఇక్కడి పూడిక మట్టిగా ఎందుకు ఉండిపోయింది? అక్కడిది రాయి ఎట్లా అయింది? ఇదే నా ప్రశ్న.

బడి పుస్తకంలో ఏముంటుంది? శిలలు మూడు రకాలు, అగ్ని శిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు. అవక్షేప శిలలు పొరలు పొరలుగా ఏర్పడతాయి, ఉదాహరణ ఇసుకరాయి, సున్నపురాయి. అంతే. పిల్లవాడు అది రాస్తాడు, మార్కులు వేస్తాం. కానీ ఏ రాయి ఎక్కడుందో, మన ఊరి రాయి ఏ రకమో ఆ పిల్లవాడికి తెలియదు. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. ఎందుకంటే మనం ఉన్న చోటు మామూలు చోటు కాదు. ఒక పక్క గ్రానైటు, ఇంకో పక్క అవక్షేప శిలలు. రెండూ ఒక పూట ప్రయాణంలో చూడగలిగిన జిల్లాలు మనవి.

ముందు ఒక పని చేద్దాం. ఈ గాజు సీసాలో చెరువు మట్టి ఉంది. కొంచెం మొరం, కొంచెం వాగు ఇసుక కూడా కలిపాను. నీళ్ళు పోసి, మూత బిగించి, బాగా ఊపి ఇక్కడ పెడుతున్నా. దీన్ని ఎవరూ కదపకండి. మనం మాట్లాడుకునేలోపు ఇది తన పని తాను చేసుకుంటుంది.

ఇప్పుడు అసలు మట్టి, ఇసుక ఎక్కడి నుంచి వచ్చాయి? మన చుట్టూ ఉన్న గుట్టల నుంచే. పద్మాక్షి గుట్ట, ఓరుగల్లు కోటలోని ఏకశిల గుట్ట, ఇవన్నీ గ్రానైటు. భూమి లోపల కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గట్టిపడిన రాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటిది. ఈ ముక్క చూడండి. ఇందులో మూడు రకాల గింజలు కనిపిస్తాయి. గాజులా మెరిసేది క్వార్ట్జ్, మనం పలుగురాయి అంటాం. గులాబీ రంగులోనో తెల్లగానో ఉండేది ఫెల్డ్‌స్పార్. తళుక్కుమనే నల్లటి రేకులు అభ్రకం.

ఇంత గట్టి రాయి వానకు ఏమవుతుంది? అనుకుంటాం కానీ, అవుతుంది. వాన చినుకు గాలిలో నుంచి పడేటప్పుడు కొంచెం కార్బన్ డయాక్సైడును కలుపుకుంటుంది. మట్టిలోకి దిగితే ఇంకొంచెం కలుస్తుంది. ఆ నీటికి స్వల్పంగా ఆమ్ల గుణం వస్తుంది. అది ఫెల్డ్‌స్పార్‌ను కొరుక్కుంటూ పోతుంది. ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమట్టి అవుతుంది. ఒక గింజ మెత్తబడితే పక్క గింజకు పట్టు పోతుంది. రాయి పొడిపొడిగా విడిపోతుంది. మీరు రోజూ చూస్తున్నదే. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో పోస్తాం చూడండి మొరం, అది అక్షరాలా చివికిన గ్రానైటే. పిడికెడు మొరం తీసుకుని నలపండి. క్వార్ట్జ్ గింజలు గరగరమంటాయి, ఫెల్డ్‌స్పార్ గింజలు వేళ్ళ మధ్య పిండి అవుతాయి. ఇంటికి పోయి చేసి చూడండి.

క్వార్ట్జ్ మాత్రం వానకు లొంగదు. అందుకే చివరికి మిగిలేది అదే. అదే ఇసుక. మేడారం జాతరకు పోయినప్పుడు జంపన్నవాగులో కాళ్ళ కింద ఉండే ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. ఒకప్పుడు ఏదో గుట్టలో, ఏదో బండలో ఉన్న గింజలే అవి.

సరే, గింజలు విడిపోయాయి. వాన వచ్చింది, నీళ్ళు లాక్కుపోయాయి. నీటికి ఎంత వేగం ఉంటే అంత బరువు మోస్తుంది. గుట్ట దిగేటప్పుడు గుండ్రాళ్ళను కూడా దొర్లిస్తుంది. వాగులోకి వచ్చేసరికి గులకరాళ్ళు, ఇసుక. నేల చదునైన చోట ఇసుక కూడా వదిలేసి బురద మాత్రమే తీసుకుపోతుంది. నీళ్ళు కదలకుండా నిలిచాకగానీ ఆ బురద దిగదు. భూగర్భశాస్త్రంలో 2 మిల్లీమీటర్ల కంటే పెద్దది గులక, 2 మిల్లీమీటర్ల నుంచి 0.06 మిల్లీమీటర్ల దాకా ఇసుక, 0.004 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే బంకమట్టి. ఇసుకకూ బంకమట్టికీ మధ్యలోది ఒండ్రు. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు. గింజ పరిమాణం చూస్తే ఆనాటి నీళ్ళ వేగం తెలుస్తుంది. ఇది మాత్రం గుర్తుంచుకోండి.

ఇందాకటి సీసా చూడండి. అమ్మా, నువ్వు ముందున్నావు, నువ్వే చెప్పు. అడుగున ఏముంది? మొరం గులకలు. దాని మీద? ఇసుక. దాని మీద సన్నటి ఒండ్రు దిగుతోంది. పైన నీళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి కదా, అది బంకమట్టి. అది పూర్తిగా దిగడానికి రేపటిదాకా పట్టొచ్చు. ఎవరూ వేరు చేయలేదు, నీళ్ళే వేరు చేశాయి. చెరువులోనూ ఇంతే. వాగు వచ్చి కలిసే చోట ఇసుక దిబ్బ, లోపల కట్ట దగ్గర తూము పక్కన జిగట బురద. పూడిక తీసిన రైతులకు ఇది తెలుసు, ఏ చోటి మట్టి ఏ చేనుకు పనికొస్తుందో చూసుకునే తోలుకున్నారు.

డెన్మార్కుకు చెందిన నికోలస్ స్టెనో 1669లో ఒక మాట రాశాడు. పొరలు చెదరకుండా ఉంటే, కింద ఉన్నది ముందు పడినది, పైన ఉన్నది తర్వాత పడినది. ఇంత మామూలు సంగతిని ఒకరు రాయాలా అనిపిస్తుంది. కానీ భూమి చరిత్ర చదవడం మొత్తం ఆ మాట మీద నిలబడింది.

ఇప్పటిదాకా మనం పూడిక దగ్గరే ఉన్నాం. రాయి ఇంకా రాలేదు. రాయి కావాలంటే ఏం జరగాలి?

రెండు జరగాలి. ఒకటి, పైన బరువు పడాలి. కొత్తగా పడిన బురదలో సగానికి పైగా నీళ్ళే ఉంటాయి. దాని మీద వందల మీటర్ల మందాన ఇంకా ఇంకా మట్టి పడితే ఆ నీళ్ళు పిండుకుని పోతాయి, గింజలు దగ్గరవుతాయి, పొర మందం సగానికి తగ్గుతుంది. బురద ఇలా నొక్కుకుపోయి షేల్ అవుతుంది. ఇదిగో, ఇది షేల్. గోటితో అంచు పట్టి లాగితే పొర ఊడుతుంది చూడండి. బంకమట్టి గింజలు సన్నటి రేకులు. బరువుకు అవన్నీ ఒకే వైపు పడుకున్నాయి, అందుకే ఇట్లా పొరలుగా లేస్తుంది.

రెండోది, అతకాలి. ఇసుకను ఎంత నొక్కినా అతుక్కోదు, గింజల మధ్య ఖాళీలు ఉంటూనే ఉంటాయి. ఆ ఖాళీల్లో నీళ్ళు నెమ్మదిగా పారతాయి. ఆ నీళ్ళలో కరిగిన సిలికా, అంటే క్వార్ట్జ్‌లో ఉండే పదార్థమే, ఉంటుంది, సున్నం ఉంటుంది, ఇనుము ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ వేడి పెరుగుతుంది, కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీలు. ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో నీటిలోవి గింజల చుట్టూ పేరుకుంటాయి. సంక్రాంతికి నువ్వుల లడ్డూలు చేస్తాం కదా, నువ్వులు ఎంత పిసికినా ముద్ద కావు, బెల్లం పాకం పడితేనే అవుతాయి. ఇక్కడ పాకం సిలికా. లేదంటే సున్నం. లేదంటే ఇనుప ఆక్సైడు. సిలికా అతికితే రాయి చాలా గట్టిగా ఉంటుంది, సున్నం అతికితే కొంచెం మెత్తన, ఇనుము అతికితే ఎర్రన.

ఎర్రన అంటే మీకు ఏ గుడి గుర్తుకొస్తోంది? రామప్ప. పాలంపేట గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు అందరం సంబరపడ్డాం. లోపలి స్తంభాలు, బయట మదనికలు నల్లటి డోలరైటు. అది అగ్ని శిల, అద్దంలా నునుపు పట్టే రాయి. ఆ శిల్పికి ఏ రాయి గుణం ఏమిటో తెలుసు. సన్నగా, లోతుగా చెక్కాల్సిన చోట డోలరైటు పెట్టాడు, గోడకు ఇసుకరాయి పెట్టాడు. వేయిస్తంభాల గుడి కట్టినవాళ్ళకు దగ్గర్లో గ్రానైటూ నల్లరాయీ దొరికాయి. పాలంపేటలో కట్టినవాళ్ళకు ఇసుకరాయి దొరికింది. గుడి రంగు మారిందంటే కింద నేల మారిందన్నమాట. ఈసారి రామప్పకు పోయినప్పుడు గోడ దగ్గర నిలబడి చూడండి. చేయి పెట్టకండి, కళ్ళతో చూడండి, గింజలు కనిపిస్తాయి.

ఇక నా ప్రశ్నకు వస్తా. పైన వందల మీటర్ల మట్టి పడాలి అన్నాను. రామప్ప చెరువులో వందల మీటర్లు పడే వీలుందా? చెరువు లోతే కొన్ని మీటర్లు. నిండితే ఏమవుతుంది? మత్తడి దూకి కిందికి పోతుంది. పూడిక కూడా దానితో పోతుంది. అంటే కింద చోటు లేదు. చోటు ఉండాలంటే ఏం కావాలి? నేల కుంగాలి. ఇదండీ అసలు సంగతి. ఇసుక ఉంటే చాలదు, కాలం ఉంటే చాలదు, నేల కుంగాలి. పడుతున్న మట్టికి చోటిస్తూ, కోట్ల ఏళ్ళు, ఆగి ఆగి కుంగుతూనే ఉండాలి.

వరంగల్ నేల కుంగలేదు. కింద ఉన్నది గట్టి గ్రానైటు పలక. గోదావరి వెంట ఉన్న నేల కుంగింది. భూమి పైపొరలో వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పొడవాటి చీలికలు పడ్డాయి. ఆ చీలికల మధ్య నేల దిగబడింది. అదే ప్రాణహిత-గోదావరి లోయ. ఆసిఫాబాద్, మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం. ఈ ఊళ్ళన్నీ మ్యాపులో వరసగా పెట్టి చూడండి, ఒక గీతలా పోతాయి. ఆ గీత కింద గోండ్వానా పొరలే 3 కిలోమీటర్లకు పైగా పేరుకున్నాయి. సింగరేణి గనులు ఆ వరసలోనే ఎందుకున్నాయి? అక్కడే నేల కుంగింది కాబట్టి. హనుమకొండలో ఎంత తవ్వినా బొగ్గు ఎందుకు రాదు? ఇక్కడ కుంగలేదు కాబట్టి.

ఆ పొరలు కింది నుంచి పైకి ఒకసారి చదువుదాం. చాలా పాతవి పాకాల శిలలు. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిన విలియం కింగ్, మన పాకాల పేరే ఆ శిలలకు పెట్టాడు. ప్రపంచంలో భూగర్భశాస్త్రం చదివేవాళ్ళు ఎక్కడున్నా ఈ లోయ గురించి రాయాలంటే ‘పాకాల’ అని రాయాల్సిందే. ఆ శిలలు 100 కోట్ల ఏళ్ళకు పైబడినవి. సున్నపురాయి, దాన్ని పోలిన డోలమైటు, గట్టిపడ్డ ఇసుకరాయి, షేల్. అంటే అక్కడ అప్పుడు లోతు తక్కువ సముద్రం ఉండేది. అప్పటికి గవ్వలు లేవు, చేపలు లేవు. నీళ్ళ అడుగున పాచి పరుపులా పెరిగే సూక్ష్మజీవులు ఉండేవి. ఆ పాచి మీద సున్నం ఒండ్రు పడటం, పాచి మళ్ళీ పైకి పెరగడం, మళ్ళీ పడటం. ఇట్లా గుమ్మటం ఆకారంలో పొరలు ఏర్పడ్డాయి. వాటిని స్ట్రోమాటోలైట్లు అంటారు. పాకాల డోలమైట్లలో అవి కనిపిస్తాయి.

సున్నపురాయి అన్నాను కదా, ఇది మంచిర్యాల వైపు నుంచి తెచ్చిన ముక్క. ఇసుకరాయికీ దీనికీ తేడా ఎట్లా పట్టాలి? చాకుతో ఇట్లా గీకుతున్నా. తెల్లటి పొడి వచ్చింది. దాని మీద నిమ్మకాయ పిండుతున్నా. దగ్గరికి వచ్చి చూడండి, చెవి పెట్టి వినండి. సన్నగా బుస్సుమంటోంది. బుడగలు వస్తున్నాయి. అది కార్బన్ డయాక్సైడు. సున్నపురాయి నీళ్ళు మోసుకొచ్చిన గింజలతో తయారైంది కాదు. నీటిలో కరిగి ఉన్న సున్నాన్ని జీవులు లాక్కుని, లేదా నీటి నుంచి అదే విడిపోయి అడుగున చేరింది. అంటే ఆ రాయిలో ఆనాటి గాలి బంధించి ఉంది. మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది ఈ సున్నపురాయి కోసమే. మీ ఇంటి స్లాబులో ఆ సముద్రం అడుగు ఉంది.

పాకాల శిలల మీద సుల్లవాయి అనే వరస ఉంది. అందులో వెంకటాపూర్ ఇసుకరాయి అని పేరు పెట్టిన పొరలను గాలి పోసిందని పరిశోధకులు తేల్చారు. అంటే అప్పుడది ఎడారి. గోదావరి ఒడ్డున ఎడారి, ఇసుక తిన్నెలు. నీళ్ళే కాదు, గాలి కూడా పూడిక పోస్తుంది.

ఆ తర్వాత చాలా కాలానికి చెందిన పొరలేవీ లోయలో మిగల్లేదు. మళ్ళీ సుమారు 30 కోట్ల ఏళ్ళ కింద కథ మొదలవుతుంది. అప్పుడు ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గర్లో, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఒకే ఖండంగా ఉండేది. గోండుల పేరుతోనే దాన్ని గోండ్వానా అంటున్నారు. అప్పుడు ఇక్కడ మంచు. హిమానీనదాలు రాళ్ళను ఈడ్చుకొచ్చి, కరిగినప్పుడు అన్నీ కలగాపులగంగా వదిలేశాయి. చిన్నా పెద్దా రాళ్ళు, బురద కలిసి. నీళ్ళు చేసినట్టు వేరు చేయడం మంచుకు రాదు. చంద్రపూర్ దగ్గర, పెన్‌గంగ ఒడ్డున ఇరై అనే చోట మంచు కింద రాళ్ళు ఈడ్చుకుపోయిన గీతలు సున్నపురాయి బండ మీద ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు అక్కడ వేసవిలో ఎండ ఎంత ఉంటుందో మీకు తెలుసు.

మంచు కరిగాక నదులు, చిత్తడి నేలలు వచ్చాయి. ఆ చిత్తడిలో గ్లోసోప్టెరిస్ అనే చెట్లు. ఆకు నాలుక ఆకారంలో ఉండేది. చెట్టు పడితే నీళ్ళలో మునిగిపోతుంది, గాలి తగలదు, పూర్తిగా కుళ్ళదు. దాని మీద ఇంకో చెట్టు, ఇంకో చెట్టు. నేల కుంగింది, నది పక్కకు మళ్ళి వచ్చి ఆ చెత్త మీద ఇసుక పోసింది. మళ్ళీ నది జరిగింది, మళ్ళీ చిత్తడి, మళ్ళీ అడవి. అన్నా, గనిలో బొగ్గు సీమ్, అంటే బొగ్గు పొర, పైన మీరు చూసింది ఏమిటి? ఇసుకరాయి, అవునా? మళ్ళీ దాని పైన ఇంకో సీమ్. అది ఆ నది పక్కకు జరిగి మళ్ళీ వచ్చిన గుర్తు. ఆ బరువు కింద, ఆ వేడిలో చెట్టులోని నీరు, వాయువులు పోయి కార్బన్ మిగిలింది. బొగ్గు కూడా అవక్షేప శిలే. చాలామంది ఈ మాట వింటే ఆశ్చర్యపోతారు.

1912లో దక్షిణ ధ్రువానికి చేరి తిరిగి వస్తూ చనిపోయిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం సంగతి వినే ఉంటారు. ఆకలితో, చలితో ఉన్నా వాళ్ళు సుమారు 16 కిలోల రాళ్ళను బండి మీద లాగుతూనే వచ్చారు, పడేయలేదు. ఆ రాళ్ళలో గ్లోసోప్టెరిస్ ఆకుల ముద్రలు ఉన్నాయి. సింగరేణి షేల్ పగలగొడితే కనబడే ఆకే అది. అంటార్కిటికా మంచులో ఆ ఆకు, మన భూపాలపల్లి బొగ్గులో ఆ ఆకు. ఖండాలు కలిసి ఉండేవని చెప్పడానికి అంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

ఇంకో సాక్ష్యం చూపిస్తా, నాకు చాలా ఇష్టమైనది. నది అడుగున ఇసుక దిబ్బలు ఉంటాయి. ఎగువ వైపు వాలు తక్కువ, దిగువ వైపు వాలు ఎక్కువ. ఇసుక ఎగువ వాలు మీదుగా దొర్లుకుంటూ ఎక్కి, దిగువ వైపు జారి పడుతుంది. జారిన ప్రతిసారీ ఒక ఏటవాలు పొర. జంపన్నవాగు ఎండినప్పుడు పారతో ఒక గోతి తవ్వి, గోడను పారతో నున్నగా చెక్కి చూడండి, ఏటవాలు గీతలు కనిపిస్తాయి. అవి ఎటు దిగుతుంటే నీళ్ళు అటు పారినట్టు. ఇసుకరాయిలో కూడా ఆ గీతలు అట్లాగే నిలిచిపోతాయి. గోదావరి లోయలోని గోండ్వానా ఇసుకరాళ్ళలో ఆ గీతలు కొలిచి చూస్తే ఏం తేలిందో తెలుసా? ఆనాటి నదులు ఎక్కువగా ఉత్తరానికీ వాయవ్యానికీ పారాయి. ఇప్పటి గోదావరి ఎటు పారుతోంది? ఆగ్నేయానికి, బంగాళాఖాతం వైపు. అంటే అప్పుడు నదులు దాదాపు ఎదురు దిక్కుకు పోయాయి. అప్పటికి తూర్పున బంగాళాఖాతమే లేదు, అంటార్కిటికా అతుక్కుని ఉంది. ఒక ఇసుకరాయి గోడ మీది గీతలు చూసి ఇంత చెప్పగలుగుతున్నాం.

బొగ్గు పొరల మీద ఎర్రమట్టి పొరలు వస్తాయి. పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం. ఇవన్నీ ఊళ్ళ పేర్లు, పొరల పేర్లు కూడా. మలేరి ఎర్ర బంకమట్టిలో 1850ల నుంచే శిలాజాలు దొరుకుతున్నాయి. ఊపిరితిత్తుల చేప పళ్ళు, మొసలిని పోలిన సరీసృపాల ఎముకలు. వాటి మీద కోటా పొరలు. అందులో చెరువు అడుగున ఏర్పడిన సున్నపురాయి, అందులో చేపలు పొలుసులతో సహా ఉన్నాయి. అదే కోటా పొరల్లో, యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్‌కు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. సుమారు 9 మీటర్ల పొడవు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు, పిల్లల్ని తీసుకుపోయి చూపించండి. కనీసం 12 జంతువుల ఎముకలు ఒకే దగ్గర దొరికాయి. జంతువు చనిపోయి బయట పడి ఉంటే ఎముక మిగలదు. వెంటనే పూడిక కమ్మితేనే మిగులుతుంది. పూడిక పడకపోతే మనకు డైనోసార్లు ఉండేవనే తెలియదు.

రైతులకు పనికొచ్చే ఒక సంగతి చెప్పకుండా పోలేను. ఈ రెండు రాళ్ళ మీద ఒక్కో చుక్క నీళ్ళు వేస్తున్నా. గ్రానైటు మీద చుక్క చూడండి, జారిపోయింది. ఇసుకరాయి మీద చుక్క? ఇంకుతోంది. అంచు చుట్టూ తడి పాకుతోంది. ఇప్పుడు చుక్కే లేదు. గింజల మధ్య అతుకు పడకుండా మిగిలిన ఖాళీల్లోకి పోయింది. వరంగల్, జనగామ వైపు బోరు వేస్తే గ్రానైటులో పగులు తగిలితేనే నీళ్ళు. ఒక రైతుకు పడతాయి, గట్టు అవతలి రైతుకు పడవు. ఒకరి చేనులో ఎన్ని బోర్లు ఫెయిలయ్యాయో, ఎంత అప్పయిందో మనందరికీ తెలుసు. గోదావరి లోయలో ఇసుకరాయి మీద ఉన్నవాళ్ళ పరిస్థితి వేరు. రాయి మొత్తం నీళ్ళు పట్టుకుంటుంది. కొన్ని చోట్ల పైన షేల్ మూతలా ఉండి, కింద ఇసుకరాయిలో నీళ్ళు ఒత్తిడితో ఉండి, బోరు వేస్తే మోటారు లేకుండానే పైకి ఉబికి వస్తాయి. ఆ ఊళ్ళలో ఆ బోర్లకు వాల్వు బిగించకుండా రాత్రీ పగలూ వదిలేస్తున్నారు. అది చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ నీళ్ళు ఆ రాయిలో చేరడానికి ఎంత కాలం పట్టిందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మనం చెప్పాలి.

చివరగా, ఇప్పుడు ఎక్కడైనా కొత్త రాయి తయారవుతోందా? పొద్దున ఒక పిల్ల ఫోన్లో అడిగింది. అవుతోంది. గోదావరి తెచ్చే పూడిక కోనసీమ దగ్గర సముద్రంలో పడుతోంది. అక్కడ నేల కోట్ల ఏళ్ళుగా కుంగుతూనే ఉంది. కిలోమీటర్ల మందాన పొరలు పేరుకున్నాయి. చమురు సంస్థలు గ్యాసు తీస్తున్నది ఆ పొరల నుంచే. మన గుట్టల క్వార్ట్జ్ గింజలు అక్కడ రాయి అవుతున్నాయి.

కానీ అక్కడికి చేరే పూడిక బాగా తగ్గిపోయింది. మధ్యలో ఆనకట్టలు పట్టుకుంటున్నాయి. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీల సామర్థ్యంతో కట్టారు. ఇప్పుడది 80 టీఎంసీల దగ్గరికి వచ్చింది. పోయిన 30 టీఎంసీలకు పైగా చోటు పూడికది. కాకతీయ కాలువలో మనకు రావాల్సిన నీళ్ళ చోటు అది. ఆ పూడిక అక్కడ రాయి అవుతుందా? కాదు. రామప్ప చెరువుదీ కాలేదు, ఇదీ కాదు, ఎందుకంటే అక్కడ నేల కుంగడం లేదు. అది రాయి కాదు, సముద్రానికీ పోదు, నీళ్ళకు చోటూ ఇవ్వదు. తీయాల్సింది మనమే. చిన్న చెరువులో పూడిక తీయడం మనకు చేతనైంది. 112 టీఎంసీల రిజర్వాయరులో ఎట్లా తీయాలి, తీసినది ఎక్కడ పోయాలి, ఇసుక ఎంత, బంకమట్టి ఎంత, ఏది ఎవరికి పనికొస్తుంది? ఇది ఇంజనీర్లు ఒక్కళ్ళే తేల్చే లెక్క కాదు, భూగర్భశాస్త్రం చదివినవాళ్ళు కూర్చోవాలి, రైతులు కూర్చోవాలి. డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు కోసం అంశం వెతుక్కుంటుంటే ఇది తీసుకోండి. మీ ఊరి చెరువుతోనే మొదలుపెట్టండి. వాగు దిగే చోటి నుంచి కట్ట దాకా వరసగా నమూనాలు తీసి, ఇట్లా సీసాల్లో పోసి, పొరల మందం కొలవండి.

ఇంకో మాట. పాండవుల గుట్టలకు చాలామంది పోతున్నారు, సంతోషం. అక్కడి ఇసుకరాయి మీద ఆదిమానవుల బొమ్మలున్నాయి. ఆ గుట్టలకు భూవారసత్వ స్థలంగా గుర్తింపు కూడా వచ్చింది. అక్కడికి సుత్తి తీసుకుపోవద్దు, పేర్లు చెక్కొద్దు. నమూనా కావాలంటే రోడ్డు కోతల్లో, క్వారీల్లో రాలిన ముక్కలు చాలు.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. ఇక మీరు అడగండి. ముందు సింగరేణి అన్న అడుగుతారు, ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉన్నారు.